ఇరవై మంది చొప్పున

కంటి ఆసుపత్రి మూడో అంతస్తులో, ఒకప్పుడు పాత ఫైళ్ళు పడేసిన గదిలో పనిచేసే ఆమెను అందరూ సిస్టమక్క అనేవారు. డాక్టర్లు కూడా అలాగే పిలిచేవారు. నలభై నాలుగేళ్ళ మనిషి, పద్నాలుగేళ్ళ సర్వీసు. కంటి పరీక్షల నమోదు దగ్గర్నుంచి మందుల గది జాబితాల దాకా ఆ ఆసుపత్రిలో కంప్యూటర్ మీద నడిచే ప్రతిదీ మొదట ఆమె చేతిలో పుట్టిందే. ఎక్కడ ఏది ఆగిపోయినా ఇంటర్‌కమ్ ఆమె బల్ల మీదే మోగేది. మోగినప్పుడల్లా విసుక్కునేది గానీ, ఓ గంట మోగకపోతే ఆమెకు తోచేది కాదు.

పిచ్చుక ఆమె పిన్ని కూతురు, ఆమె కంటే పదహారేళ్ళు చిన్నది. చిన్నప్పుడు పుల్లలా ఉండి, క్షణం నోరు మూసేది కాదని ఇంట్లో పెట్టిన ముద్దుపేరు అది. చదువు పూర్తయి, రెండు చోట్ల చేసి, మూడో చోట ఉద్యోగం ఊడి ఇంట్లో కూర్చున్నప్పుడు పిన్ని సిస్టమక్కకు ఫోన్ చేసింది. సిస్టమక్క ఆ మర్నాడే సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళి, మా పిల్లే సార్, నేను చూసుకుంటాను అని చెప్పి ఉద్యోగం ఇప్పించింది.

మొదటి ఆరు నెలలు ఇద్దరికీ హాయిగా గడిచాయి. ఏ పట్టికలో ఏముంటుందో, ఏ గడి పేరు ఎప్పుడో తప్పుగా పడి అలాగే ఉండిపోయిందో, దేని జోలికి పోకూడదో సిస్టమక్క చెబుతుంటే పిచ్చుక ఓ నోటు పుస్తకంలో రాసుకునేది. మధ్యాహ్నం కింద క్యాంటీన్లో డబ్బాలు విప్పుకుని ఒకే బల్ల మీద తినేవారు. తనకు తెలిసింది అడిగి తెలుసుకునే మనిషి ఒకరు పక్కన ఉండటం ఎంత బాగుంటుందో సిస్టమక్కకు అప్పుడే తెలిసింది.

ఫోన్ల జాబితా విషయం వచ్చేసరికి ఆ హాయి చెదిరింది.

శుక్లాల ఆపరేషన్ కోసం పేర్లు రాయించుకుని పిలుపు కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితా అది. కింద అంతస్తులో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చునే ఒకావిడ రోజూ దాన్ని తెరిచి, వరస ప్రకారం ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తేదీ చెప్పేది. ఆవిడను అందరూ ఫోన్లావిడ అనేవారు. జాబితాను సిస్టమక్క తయారుచేసిన రోజుల్లో అందులో మూడు వందల మందికి మించి ఉండేవారు కాదు, అందుకని అన్ని పేర్లూ ఒకేసారి తెర మీదకు తెచ్చేసేది. ఇప్పుడు పంతొమ్మిది వందల మంది ఉన్నారు. ప్రతి పేరుతో పాటు పాత పరీక్షల వివరాలన్నీ మోసుకొచ్చేది గనక, ఫోన్లావిడ పొద్దున్నే జాబితా మీద నొక్కి, టీ తాగి, గ్లాసు కడిగి వచ్చినా తెర ఇంకా తెల్లగానే ఉండేది. ఒక్కోసారి కంప్యూటరే బిగుసుకుపోయేది. సూపరింటెండెంటు గారు అడిగినప్పుడు సిస్టమక్క కొత్త సర్వరు కావాలని రాసిచ్చింది. ఆ కాగితం ఎక్కడో ఆగిపోయింది.

ఒక సోమవారం సిస్టమక్క పళ్ళ నొప్పితో సెలవు పెట్టింది. ఆ రోజు ఫోన్లావిడ పైకి వచ్చి పిచ్చుకతో మొరపెట్టుకుంది. పిచ్చుక ఆ పని మీద కూర్చుని, శుక్రవారానికల్లా జాబితాను మార్చేసి, ఫోన్లావిడకు ఓసారి నడిపి చూపించింది. ఇప్పుడది పంతొమ్మిది వందల మందినీ తేదు. వరసలో ముందున్న ఇరవై మందిని మాత్రమే తెస్తుంది. కింద 'తర్వాతి పేజీ' నొక్కితే ఆ తర్వాతి ఇరవై మంది వస్తారు. కనురెప్ప వేసేలోగా తెర నిండిపోతుంది. దానికి తోడు పిచ్చుక ఇంకో సౌకర్యం కూడా పెట్టింది. ఫోన్లావిడ ఏ పేజీ దగ్గర ఆపి ఇంటికి వెళ్ళిందో అది గుర్తుపెట్టుకుని, మర్నాడు ఆ తర్వాతి పేజీనే తెరుస్తుంది. నిన్న ఎక్కడిదాకా వచ్చానా అని వెతుక్కునే పని లేదు.

వాడకంలో పెట్టేముందు పిచ్చుక తన తెరను సిస్టమక్క వైపు తిప్పింది.

"అక్కా, ఓసారి చూసిపెట్టవా? నువ్వు చూశావంటే నాకు ధైర్యం."

ఆ కబురు అప్పటికే ఆసుపత్రిలో పాకింది. పొద్దున లిఫ్టులో ఓ నర్సు, మీ చెల్లెలు భలే పని చేసిందటగా అని అంది. ఆ తర్వాత సూపరింటెండెంటు గారు గది తలుపు దగ్గరికే వచ్చి, సర్వరు అక్కర్లేకుండానే అయిపోయిందటగా అని నవ్వి వెళ్ళారు. ఆయన నవ్విన నవ్వులో ఎగతాళి ఏమీ లేదని ఆమెకు తెలుసు. తెలిసినా, తల కొట్టేసినట్టయింది. పద్నాలుగేళ్ళలో ఆయన ఆ గది గుమ్మం దాకా వచ్చింది అదే మొదటిసారి.

కుర్చీ దగ్గరికి లాక్కుని ఆమె పిచ్చుక రాసింది చదివింది. చక్కగా రాసింది. తను రాస్తే ఇంత పొందిగ్గా ఉండేది కాదనుకుంది, ఆ అనుకోవడం కూడా ముల్లులా గుచ్చుకుంది. రెండోసారి చదువుతున్నప్పుడు లోపం కనిపించింది.

ఫోన్లావిడ ఒకరికి ఫోన్ చేయగానే ఆ పేరు ఎదురుచూసేవాళ్ళ జాబితాలోంచి తప్పుకుంటుంది. మొదటి పేజీలో ఇరవై మందికీ చేసేసరికి ఆ ఇరవై మందీ జాబితాలో ఉండరు. వరసలో ముందున్నవాళ్ళు వెళ్ళిపోతే వెనకవాళ్ళు ముందుకు జరిగినట్టు, ఇరవై ఒకటో మనిషి ఇప్పుడు మొదటి మనిషవుతాడు. రెండో పేజీకి మాత్రం ఈ సంగతి తెలియదు. ముందున్న ఇరవై మందిని వదిలేసి ఆ తర్వాతివాళ్ళను తెమ్మని పిచ్చుక దానికి చెప్పింది, అది అలాగే తెస్తుంది. మధ్యలో ఉన్న ఇరవై మందిని ఎవరూ పిలవరు. ప్రతి పేజీకీ అదే జరుగుతుంది. మర్నాడు మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెడితేనన్నా వాళ్ళు కంటపడేవారు. అందరూ మెచ్చుకున్న ఆ గుర్తుపెట్టుకునే సౌకర్యం వల్ల ఆ అవకాశం కూడా లేదు.

దిద్దడం పెద్ద పనేమీ కాదు. ఎన్నో పేజీ అని కాకుండా, చివరగా పిలిచిన మనిషి నమోదు సంఖ్య గుర్తుపెట్టుకుని, దాని తర్వాతివాళ్ళను తెమ్మంటే చాలు. రెండు లైన్లు మార్చాలి. ఆ మాట సిస్టమక్క నాలుక చివరిదాకా వచ్చింది.

"బాగానే ఉంది," అంది.

పిచ్చుక ముఖం విప్పారింది. సిస్టమక్క తన తెర వైపు తిరిగిపోయింది.

ఇవాళ కాకపోతే రేపు చెబుదాంలే అని ఆ సాయంత్రం తనకు తాను చెప్పుకుంది. ఒక్క రోజు నడవనీ, ఎవరో ఒకరు గొడవ చేయనీ, అప్పుడు అందరి ముందూ తనే పట్టుకుని చిటికెలో సరిచేస్తుంది. అప్పుడు తెలుస్తుంది పద్నాలుగేళ్ళ అనుభవమంటే ఏమిటో. ఇంటికి వెళ్తూ బస్సులో ఆ దృశ్యాన్ని మళ్ళీ మళ్ళీ ఊహించుకుంది. ఊహలో పిచ్చుక తలవంచుకుని నిలబడింది. తను మాత్రం చాలా దయగా మాట్లాడింది.

కానీ ఎవరూ గొడవ చేయలేదు. పిలుపు రానివాడికి తనకు పిలుపు రాలేదన్న సంగతే తెలియదు. ఎదురుచూస్తూ కూర్చుంటాడంతే.

మొదటి వారమంతా పొగడ్తలే. ఫోన్లావిడ రోజుకు పాతిక మంది కంటే ఎక్కువ చేయలేకపోయేది, ఇప్పుడు నలభై మందికి చేసి ఇంకా గంట ముందే లేస్తోంది. ఆవిడ పైకి వచ్చి పిచ్చుక రెండు చేతులూ పట్టుకుని ఊపింది. ఇదివరకు కింద క్యాంటీన్లో సిస్టమక్క కోసం కుర్చీ ఆపి ఉంచే ఆవిడే ఇప్పుడు పిచ్చుకను పిలిచి కూర్చోబెట్టుకునేది. సిస్టమక్క డబ్బా తెచ్చుకుని గదిలోనే తినడం మొదలుపెట్టింది. పని ఉందని చెప్పేది.

ఇంటర్‌కమ్ మోగితే ఎవరి కోసమో అని చెవులు రిక్కించేది. ఒక మంగళవారం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తొమ్మిది సార్లు మోగింది, అందులో ఆరు పిచ్చుక కోసం. అలాంటివి గుర్తుపెట్టుకుంటున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసేది, అయినా బుధవారం కూడా గమనించింది. పిచ్చుక అన్న ముద్దుపేరు ఎలా పాకిందో అంతస్తులన్నీ పాకింది. కొత్తగా వచ్చిన డాక్టరు కూడా, పిచ్చుక గారున్నారా అని అడిగాడు. ఆ పేరు తను నోరు జారడం వల్లే బయటికొచ్చింది. ఇప్పుడు దాన్ని అందరూ వాడుతుంటే తన ఇంట్లోంచి ఏదో వస్తువు పట్టుకుపోయినట్టు అనిపించింది.

ఆఖరికి సొంత తల్లి కూడా. ఫోన్లో అదీ ఇదీ మాట్లాడి, పిచ్చుక ఏదో కనిపెట్టిందటగా, మీ పిన్ని ఒకటే మురిసిపోతోంది అంది. సిస్టమక్క, అవునమ్మా, మంచి పిల్ల అంది. ఫోన్ పెట్టేసి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. తను ఇన్నేళ్ళుగా ఏం చేస్తోందో తల్లి ఎన్నడూ అడగలేదు. కంప్యూటర్లో ఏదో చేస్తుందని మాత్రమే చుట్టాలకు చెప్పేది.

పిచ్చుక మాత్రం అంతకు ముందులాగే ఉండేది. పొద్దున రాగానే అక్కా అని పలకరించేది, చిన్న సందేహం వచ్చినా కుర్చీ జరుపుకుని వచ్చేది. ఎవరైనా మెచ్చుకుంటే, మా అక్క దగ్గర నేర్చుకున్నాను అనేది. అది విన్నప్పుడల్లా సిస్టమక్కకు ఒళ్ళు మండేది. పొగరు చూపించినా బాగుండేది. అప్పుడు అసహ్యించుకోవడానికి ఒక కారణమైనా దొరికేది.

చెప్పాలనుకున్న రోజులు కూడా ఉన్నాయి. నాలుగో రోజు మధ్యాహ్నం, పిచ్చుకా ఓ మాట అని పిలిచింది కూడా. అంతలో సూపరింటెండెంటు గారి నుంచి సిబ్బంది ఫోన్ గ్రూపులో సందేశం వచ్చింది, ఆసుపత్రి నెలవారీ పత్రికలో పిచ్చుక ఫొటో వేస్తున్నామని. అందరికంటే ముందు చప్పట్ల బొమ్మ పెట్టింది సిస్టమక్కే, తన ముఖం మాడిందని ఎవరూ అనుకోకూడదని. ఏమిటక్కా అని పిచ్చుక అడిగితే, ఏం లేదు, కిటికీ వెయ్యి, ఎండ పడుతోంది అంది. ఆ తర్వాత ఎన్ని రోజులు గడిస్తే చెప్పడం అంత కష్టమైంది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతారు కదా.

పన్నెండో రోజు పొద్దున కింద కౌంటరు దగ్గరికి ఒక టైలరు వచ్చాడు. అరవై దాటిన మనిషి. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి, సూదిలో దారం ఎక్కించడం మానేసి రెండు నెలలైంది. కొడుకు భుజం పట్టుకుని నడిచి వచ్చాడు. జేబులోంచి నమోదు చీటీ తీసి, తన పక్కింటాయన తన తర్వాత మూడు రోజులకు పేరు రాయించుకున్నాడని, ఆయనకు ఆపరేషన్ కూడా అయిపోయిందని, చాలా సంతోషమని, తనకు ఎప్పుడో చెప్తారా అని నెమ్మదిగా అడిగాడు. రోజూ ఫోన్ పక్కనే కూర్చుంటున్నానని, స్నానానికి వెళ్ళినప్పుడు కూడా దాన్ని కోడలి చేతికిచ్చి వెళ్తున్నానని చెప్పాడు.

సూపరింటెండెంటు గారు అప్పుడే అటు వచ్చారు. చీటీ చూశారు. చీటీ మీద సంఖ్య కంటే వెనకవాళ్ళు ఎంతమందో ఆపరేషన్ గదిలోకి వెళ్ళి వచ్చేశారు. ఆయనకు తోచిన కారణం ఒక్కటే. ఫోన్లావిడను గదిలోకి పిలిపించి, తెలిసినవాళ్ళను ముందుకు నెడుతున్నావా అని అడిగారు. ఆవిడ, తెర మీద వచ్చినవాళ్ళకు వచ్చినట్టు చేశాను సార్ అని మాత్రం అనగలిగింది. సంగతి తేలేదాకా ఇంటి దగ్గరే ఉండమన్నారు. ఆవిడ హెడ్‌సెట్ తీసి, దాని తీగను జాగ్రత్తగా చుట్టి, సొరుగులో పెట్టి వెళ్ళిపోయింది.

ఈ కబురు మూడో అంతస్తుకు చేరినప్పుడు సిస్టమక్క కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. పన్నెండు రోజులుగా ఆమె ఊహించుకున్న దృశ్యంలో ఫోన్లావిడ లేదు. టైలరు లేడు. అక్కడికక్కడే లేచి కిందికి వెళ్ళి చెప్పేసి ఉంటే సరిపోయేది. లేవలేదు. ఒక్కసారి ఆలోచించుకుందాం అనుకుంది, సాయంత్రం దాకా ఆలోచించుకుంటూనే ఉంది, ఐదు కాగానే సంచి తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

పిచ్చుక వెళ్ళలేదు. ఫోన్లావిడ అలాంటి మనిషి కాదని ఆమెకు గట్టి నమ్మకం. ఇంకో గంట కూర్చుని జాబితా మొత్తాన్ని కాగితాల మీద అచ్చు తీసింది. మర్నాడు సిస్టమక్క వచ్చేసరికి నేల మీద కాగితాలు పరుచుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, పిలిచినవాళ్ళ పేర్ల మీద పసుపు రంగు గీస్తోంది. ఇరవై పేర్లు పసుపు, ఇరవై తెలుపు. మళ్ళీ ఇరవై పసుపు, ఇరవై తెలుపు. చారల చొక్కాలా ఉన్నాయి ఆ కాగితాలు. పిచ్చుక తలెత్తి చూసింది.

"తప్పు నాదక్కా. నేను రాసిందే వదిలేస్తోంది," అంది.

నాలుగు వందల ఇరవై మంది.

ఆ కాగితాలు పట్టుకుని పిచ్చుక తిన్నగా సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళింది. సిస్టమక్క వెనకాలే వెళ్ళింది, వెళ్ళకపోతే బాగుండదని. పిచ్చుక ఏమీ దాచకుండా అంతా చెప్పింది. ఫోన్లావిడకు ఇందులో ఏ సంబంధమూ లేదని రెండుసార్లు చెప్పింది. ఆయన కాగితాలు ఒక్కొక్కటీ తిప్పి చూసి, ఆవిడను రేపే పిలిపిస్తాను, కానీ మీ అక్కకు ఒక్కసారి చూపించి ఉంటే చిటికెలో పట్టేసేది కదమ్మా అన్నారు.

సిస్టమక్క పిచ్చుక వైపు చూసింది. ఇప్పుడు చెబుతుంది, చూపించాను సార్, బాగానే ఉందంది అని.

పిచ్చుక ఆమె వైపు కూడా చూడలేదు. "పొరపాటు నాదే సార్," అంది.

మెట్లెక్కుతున్న సిస్టమక్కకు తప్పించుకున్నానన్న ఊరట లేదు. ఉన్నది మళ్ళీ ఆ మంటే. ఈ పిల్లకు పని తన కంటే బాగా వచ్చు, నలుగురిలో మంచి పేరు వచ్చింది, ఇప్పుడు ఈ మంచితనం కూడానా? తనకు ఒక్కటీ మిగల్చదా? అలా అనుకున్నందుకు మెట్ల మలుపులో ఆగిపోయింది. ఎదుటి మనిషి తనను కాపాడినందుకు కూడా అసూయ పడుతున్నానని అర్థమై, ఇంతకంటే దిగజారడానికి ఏముందనిపించింది.

గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. పిచ్చుక అప్పటికే ఆ రెండు లైన్లు దిద్దుతోంది.

"నువ్వు చూపించిన రోజునే నాకు కనిపించింది," అంది సిస్టమక్క.

పిచ్చుక తెర మీంచి చూపు తిప్పకుండానే, "నన్ను ఓదార్చడానికి అలా చెప్పకక్కా," అంది.

"ఓదార్చడం కాదు. ఇరవై ఒకటో మనిషి దగ్గర్నుంచి జారిపోతారని నాకు తెలుసు. ఇప్పుడు నువ్వు ఎలా దిద్దుతున్నావో అది కూడా తెలుసు. చివరి నమోదు సంఖ్య పెట్టుకుంటే సరిపోతుందని ఆ రోజే అనుకున్నాను."

కీబోర్డు చప్పుడు ఆగింది. పిచ్చుక మెల్లగా కుర్చీ తిప్పింది. ఏదో పరాయి మనిషి గదిలోకి వచ్చినట్టు చూసింది.

"మరెందుకు చెప్పలేదు?"

"నిన్ను అందరూ మెచ్చుకుంటుంటే ఓర్చుకోలేకపోయాను. నువ్వు పడిపోతే చూడాలనిపించింది."

అంత సూటిగా చెప్పగలనని ఆమె అనుకోలేదు. చెప్పాక తేలికగా ఉంటుందేమో అనుకుంది, ఉండలేదు. పిచ్చుక ఏడుస్తుందనుకుంది, తిడుతుందనుకుంది.

"నేనేం పడలేదు," అంది పిచ్చుక. "ఫోన్లావిడ పడింది. ఆ టైలరు గారు పడ్డారు."

ఆ తర్వాత మళ్ళీ తెర వైపు తిరిగి పని చేసుకుంది.

మర్నాడు పొద్దున్నే సిస్టమక్క సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. కోప్పడలేదు. నిన్ను పంపించేయడం నాకు పెద్ద పని కాదు, కానీ ఆ పాత పట్టికల్లో ఏముందో ఇంకొకరికి పూర్తిగా తెలిసేదాకా ఉండక తప్పదు, ఇది జాలి అనుకోకు అన్నారు. గది బాధ్యత ఇకనుంచి పిచ్చుకది అన్నారు. జారిపోయిన నాలుగు వందల ఇరవై మందికీ ఫోన్లు చేయడం సిస్టమక్క పని. వాళ్ళ కోసం రెండు శనివారాలు అదనంగా ఆపరేషన్లు ఆయనే చేస్తారు. ముందుగా ఫోన్లావిడ ఇంటికి వెళ్ళి, జరిగింది చెప్పి, ఆవిడను వెంటబెట్టుకుని రమ్మన్నారు.

ఫోన్లావిడ గుమ్మంలో నిలబడే అంతా విన్నది. లోపలికి రమ్మనలేదు. "రెండు రోజులు నన్ను దొంగను చేశావు కదమ్మా. మా ఆయన కూడా అడిగాడు, నిజంగా ఏం చేయలేదా అని," అంది. తర్వాత చెప్పులు వేసుకుని బయల్దేరింది. బస్సులో వేరే సీట్లో కూర్చుంది.

కింద అంతస్తులో ఆవిడ బల్ల పక్కనే ఇంకో బల్ల వేశారు. మొదటి ఫోన్ టైలరుదే. సిస్టమక్క గబగబా తేదీ చెప్పేయబోతుంటే ఫోన్లావిడ చెయ్యి ఎత్తి ఆపింది. ముందు ఎవరు మాట్లాడుతున్నారో చెప్పాలి, పక్కన ఎవరైనా ఉన్నారేమో అడగాలి, రాసుకోవడానికి కాగితం తెచ్చుకోమని ఆగాలి. కళ్ళు కనిపించనివాళ్ళకు చెబుతున్నాం అంది. సిస్టమక్క మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. తన వల్ల ఆలస్యమైందని కూడా చెప్పింది. టైలరు తేదీ ఇంకోసారి చెప్పమన్నాడు.

తొమ్మిది రోజులు అలాగే ఫోన్లు చేసింది. కొందరు తిట్టారు. ఒకావిడ అప్పటికే ఇంకో ఆసుపత్రికి వెళ్ళి చేయించుకున్నానంది. ఒకాయన, నువ్వు మనిషివేనా అని పెట్టేశాడు. మధ్యలో పిన్ని ఫోన్ చేసింది, పిచ్చుక సరిగ్గా తినడం లేదు, అడిగితే చెప్పడం లేదు, నువ్వైనా కాస్త కనుక్కోవా అని. అంటే పిచ్చుక ఇంట్లో కూడా ఏమీ చెప్పలేదన్నమాట. సిస్టమక్క, పిన్నీ, తను తినకపోవడానికి కారణం నేనే అని మొదలుపెట్టింది. అంతా విన్నాక పిన్ని, ఎత్తుకుని తిప్పావు కదే దాన్ని, అని ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేయలేదు.

మూడో అంతస్తులో పిచ్చుక ఆమెను మేడమ్ అనడం మొదలుపెట్టింది. అడగాల్సిన పని విషయాలు అడుగుతుంది, చెప్పింది రాసుకుంటుంది, థాంక్స్ మేడమ్ అంటుంది. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు సిస్టమక్క వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినైనా పిలుస్తోందేమోనని.

పదో రోజుకు ఒక్క పేరు మిగిలింది. గడియారాలు బాగుచేసే ఒకాయన. ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవదు. దొరకలేదని రాసి వదిలేయవచ్చు. ఆదివారం పదకొండింటికి సిస్టమక్క చిరునామా కాగితం పట్టుకుని వెళ్ళింది. సందు మొదట్లో మూసి ఉన్న చిన్న దుకాణం, దాని మీద అంతస్తులో ఇల్లు. ఇరుకు మెట్లెక్కుతుండగా చేతిలో ఫోన్ మోగింది. గ్రూపులో సూపరింటెండెంటు గారి సందేశం. కొత్తగా దిద్దిన జాబితా పద్ధతిని ఇంకో రెండు ఆసుపత్రులు కూడా అడుగుతున్నాయట, పిచ్చుకకు అభినందనలు. ఆమెకు గుండెల్లో మళ్ళీ అదే చురుక్కుమంది. ఇంత జరిగాక ఇక రాదనుకుంది. వచ్చింది. ఫోన్ సంచిలో వేసుకుని మిగతా మెట్లెక్కింది.

తలుపు ఆయనే తీశాడు, తడుముకుంటూ. ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. ఫోన్ కింద పడి పగిలిందని, బాగుచేయించడానికి తీసుకెళ్ళేవాళ్ళు లేరని చెప్పాడు. ఆమె తనెవరో చెప్పి, ఎందుకు ఆలస్యమైందో చెప్పి, ఆపరేషన్ తేదీ గురువారం అంది. ఆలస్యం సంగతి ఆయన విన్నాడో లేదో ఆమెకు తెలియలేదు. ఏ టైముకి అని అడిగాడు. ఉదయం ఏడున్నరకు అంది. ఆయన గోడ వారగా తడిమి ఒక అట్టముక్క, లావు పెన్ను తెచ్చి ఇచ్చాడు.

"పెద్దగా రాయండి. దగ్గరగా పెట్టుకుంటే పెద్ద అక్షరాలు కనిపిస్తాయి."

ఆమె నేల మీద కూర్చుని రాసింది. ఆయన అట్టను ముక్కుకు ఆనించి చూసి తిరిగి ఇచ్చేశాడు.

"ఇంకా పెద్దగా," అన్నాడు.

ఆమె అట్ట వెనక్కి తిప్పి, ఒక్కో అక్షరం బెత్తెడంత చేసి, మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.